మణికొండలో కొనని కారు

పిల్లలతో తిరగడానికి పాత కారు కొందామని కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళాను. మణికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన సెడాన్ అమ్ముతున్నాడు. నడిపి చూడమని తాళం నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ళమ్మ కూడా వెనక సీటెక్కింది.

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆటోమేటిక్ గేరు మారక కారు గట్టిగా కుదిపింది.

"ట్రాఫిక్‌ల అప్పుడప్పుడు అట్లనే ఉంటదండి," అన్నాడతను.

"అప్పుడప్పుడేంది రా? రోజూ గిట్లనే చేస్తది. గేర్‌బాక్స్ ఖరాబైందని మెకానిక్ చెప్పలే?" అంది వాళ్ళమ్మ. నాతో, "నువ్వు తీస్కోకు బిడ్డా. పిల్లలతోని తిరిగేటోనివి," అంది.

అతను తల దించుకున్నాడు. నాకు నలభై దాటాయి. మా వైపు కొత్తవాళ్ళని 'మీరు', 'అండి' అనకుండా పలకరించం. అయినా ఆమె 'నువ్వు' అంటుంటే ఎందుకో హాయిగా అనిపించింది.

ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టింది. "ఇగ నువ్వే మంచి బండి చూపెట్టు," అని కొడుక్కి చెప్పింది.

మర్నాడు అతను సెలవు పెట్టి నాతో నిజాంపేట వచ్చాడు. అక్కడ ఇంకో కారును ఎత్తుల మీద, ట్రాఫిక్‌లో తనే నడిపి చూశాడు. "తీస్కో అన్నా, ఫికర్ లేదు," అన్నాడు.

ఆ కారులోనే కాకినాడ వెళ్ళాను. చేరానని చెబుదామని అతనికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది. నేను నోరు తెరవకముందే, "తిన్నవా?" అని అడిగింది.