ఇరవై రెండేళ్ల పెద్దావిడ

ఆ రోజుల్లో మా చిత్తూరులో మనిషి వయసు తెలుసుకోవడానికి ఎవరూ సర్టిఫికెట్టు అడిగేవాళ్లు కాదు, కట్టుకున్న చీర చూసేవాళ్లు. ఏ వయసుకు ఎంత అంచు, ఎవరి జడకు ఎన్ని మూరల పూలు అన్నది ఎక్కడా రాసిపెట్టలేదు గానీ వీధి మొత్తానికీ కంఠతా వచ్చు. తప్పితే ఒకరు కాదు, పదిమంది దిద్దేవాళ్లు. అలాంటి ఊళ్లో ఇరవై రెండేళ్ల దాన్ని, నా చేతులారా నేనే నడివయసు మనిషినైపోయాను. తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్వింది నేను తప్ప తక్కినవాళ్లంతా.

చదువు ముగియగానే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. నా బరువు అప్పుడు నలభై కిలోలు (తడిసిన చీరతో కలిపి). మొదటిరోజే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఏం పాపా, యూనిఫారం యాడ?" అన్నాడు. లెక్చరర్నని చెబితే, "లేటుగా వచ్చినోళ్లంతా ఏదో ఒకటి చెప్తారులే" అన్నాడు. ఎలాగో లోపలికి పోతే, క్లాసులో చివరి బెంచీ పిల్ల పక్కకు జరిగి, "ఈడ కూర్చో, మేడమ్ ఇంకా రాలేదు" అంది. వారం తిరిగేసరికి ప్రిన్సిపాలు పిలిపించాడు. "సూడమ్మా, పాఠం బాగానే చెప్తా ఉండావు. కానీ మేడమ్ వస్తానే పిల్లోళ్లు లేచి నిలబడల్ల గదా. భయం ల్యాకపోతే ఎట్లా? ఇట్లే ఉంటే నేను వేరేవాళ్లను సూసుకోవాల్సి వస్తాది" అన్నాడు.

ఆ సాయంత్రమే మా అవ్వ పెట్టె తెరిచాను. గంజి పెట్టిన ముదురు రంగు నేతచీరలు, మోచేతుల దాకా దిగే రవికలు. అవ్వ గడపలో నిలబడి, "నేను ఇంకా బతికే ఉండానే, అప్పుడే నా చీరలు పంచుకుంటా ఉండారా?" అంది. మరునాటికి జడ పోయి కొప్పు వచ్చింది, ముక్కుమీదకి పవరు లేని కళ్లద్దాలు వచ్చాయి. వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టాడు. క్లాసు మొత్తం ఒక్కసారిగా నిలబడింది. అక్కడితో ఆగితే బాగుండేది. నాకు ఆ మర్యాద రుచి తగిలింది. మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టుకోవడం, "మా కాలంలో ఇట్లా ఉండేది కాదు" అనడం మొదలుపెట్టాను (నా కాలం ముగిసి అప్పటికి నాలుగు నెలలు). అమ్మ తలకొట్టుకుంది. "పెండ్లి కావాల్సిన పిల్లవు. ఇట్లా తిరిగితే నిన్ను ఎవరే చేసుకునేది?"

అమ్మ భయానికి కారణం ఉంది. తిరుపతి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడు. ఫోటోలో నుదుటి మీద పడే ఒత్తయిన ఉంగరాల జుట్టు. నాకు పెద్దగా పట్టనట్టు మొహం పెట్టి, ఆ ఫోటోను ఎకనామిక్స్ పుస్తకంలో దాచుకున్నాను. ఆ నెలలో మా పిల్లలకు డిమాండు సూత్రం మూడుసార్లు చెప్పినట్టున్నాను.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నాను. కరెంటు లేదు, కిటికీలు మూసి గది చీకటిగా ఉంది. ఒకామె చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, తిరుపతి నుంచి బస్సులో నిలబడే వచ్చానని చెప్పి, తమ్ముడి కొడుకును కాలేజీలో చేర్పించే విషయం ఏదో అడిగింది. మంచినీళ్లిచ్చాను. తాగి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మేడమ్, మీరు పెద్దోళ్లు. నా ఈడే ఉంటారు. దాపరికం లేకుండా ఒక మాట చెప్పండి. ఈడ ఎకనామిక్స్ చెప్పే పిల్ల ఒకతె ఉండాదంట గదా. మా పిల్లోనికి అడగల్లని ఉండాము. ఎట్లాంటిది?"

(ఆమెకు అప్పటికే కళ్లలో శుక్లాలు మొదలైన సంగతి తర్వాత తెలిసింది.) అద్దాలు తీసి "అది నేనే" అనడానికి నాకు ఒకే ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో నేను కొంగు సర్దుకున్నాను. అంతే, దాటిపోయింది.

"మంచి పిల్లే" అన్నాను, గొంతు బొంగురు చేసుకుని. ఎవరి గురించి వాళ్లు సిఫారసు చేసుకోవడం మీరనుకున్నంత తేలిక కాదు. ఎక్కువ పొగిడితే సిగ్గు, తక్కువ పొగిడితే సంబంధం పోతుంది. "పాఠం బాగా చెప్తాది. నోరు కొంచెం ఎక్కువ."

"వంట వచ్చునా?"

"చారు పెడతాది."

"కోపమా?"

"ఆకలైతేనే."

ఆమె తల ఊపి, గొంతు తగ్గించింది. "మీతో చెప్తే ఏమిలే. మేము పంపించిన ఫోటో నాలుగేండ్ల కిందటిది. ఇప్పుడు మావోనికి ముందరంతా ఎంటికలు రాలిపోయినాయి. చెప్పకుండా పెండ్లి చేస్తే పాపమంటారా?"

నాలో ఏదో పుటుక్కుమంది. అయినా పెద్దరికం వదల్లేదు. "ఆడపిల్లవాళ్లను మోసం చెయ్యకూడదమ్మా. ముందే చెప్పేయండి" అన్నాను, అవ్వ చీరలో, ముక్కుమీద ఉత్త గాజు పెట్టుకుని. వెళ్లే ముందు పిల్లను ఒక్కసారి చూపించమంది. ఈ రోజు లీవన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ నోటిమాట మీదనే ముందుకు పోతా ఉండాను మేడమ్. అబ్బ, ఎంత మెత్తటి చేతులు! మీ ఇంట్లో పనిమనిషి ఉండాదేమో" అంది. ఆ నమ్మకం చూసి నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పెండ్లిచూపులు. అమ్మ నాకు చిలకపచ్చ పట్టుచీర కట్టి తలనిండా కనకాంబరాలు పెట్టింది. అబ్బాయి జుట్టు వెనకనుంచి ముందుకు దువ్వుకుని వచ్చాడు. వాళ్లమ్మ నన్ను చూసింది, మళ్లీ చూసింది. "మీ ఇంట్లో పెద్దామె ఎవరన్నా అదే కాలేజీలో చెప్తా ఉండాదా? పోలికలు అట్లే ఉండాయి" అని అడిగింది. "లేదే" అంది అమ్మ. నేను ఊరుకుంటే అంతా సాగిపోయేదే. కానీ నా చేతులు పట్టుకున్న ఆ చేతులు ఎదురుగా ఉన్నాయి.

"ఆ పొద్దు స్టాఫ్ రూములో మీతో మాట్లాడింది నేనే" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "నన్ను కూర్చోబెట్టి ఆడిచ్చినావా?" అని లేచి నిలబడింది. నేను వాచ్‌మన్ దగ్గరనుంచీ ప్రిన్సిపాలు దాకా అంతా చెప్పేశాను. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. అప్పుడు అబ్బాయి మొదటిసారి నోరు తెరిచాడు. "మాయమ్మ నా గురించి ఏం చెప్పింది?"

"ఫోటో నాలుగేండ్ల కిందటిదని."

అతను వాళ్లమ్మ వైపు చూసి పకపకా నవ్వాడు. ముందుకు తెచ్చుకున్న జుట్టును అరచేత్తో వెనక్కి తోసేసి, "అయితే ఇంగ దాయాల్సింది ఏమీ లేదు" అన్నాడు. ఆమె కాసేపు గింజుకుని, చివరికి కూర్చుంది. "నోరు ఎక్కువని నీ నోటితోనే చెప్పినావు. చారు తప్ప రాదని చెప్పినావు. ఇంత నిజం చెప్పే పిల్లను మళ్లా యాడ వెతకల్ల? కాఫీ తీసుకురా" అంది.

ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. పోయిన నెల తిరుపతిలో ఒక బట్టల కొట్టుకు తీసుకెళ్లాను. గుట్టలోనుంచి జరీ పువ్వులున్న ఎర్రటి చీర లాగి, "ఇది తియ్యప్పా" అంది కొట్టతనితో. నా నోట్లోనుంచి చప్పున వచ్చేసింది: "అత్తా, ఈ వయసులో ఆ రంగేమి? పదిమంది ఏమనుకుంటారు?"

"కట్టుకునేది నేనా, ఆ పదిమందా?" అని, చీర భుజం మీద వేసుకుని అద్దం దగ్గరికి పోయింది. ఇటు తిరిగి చూసుకుంది, అటు తిరిగి చూసుకుంది. అద్దంలో ఆమె వెనకాల సంచీ పట్టుకుని, నుదురు ముడిచి, ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఎవరబ్బా అనుకున్నాను. ఈసారి వేషం వేసుకున్నట్టు కూడా గుర్తు లేదు.