నలభై ఐదులో తిరిగిన రికార్డు

మా చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే, వీధి మలుపులోనే మా మేనమామ రాజయ్య దగ్గు వినబడేది... ఆ తర్వాత బాజా. ఆ తర్వాత మళ్లీ దగ్గు.

బాన్సువాడలో మామది పెళ్లిళ్ల బ్యాండు. ఆయన వాయించేది ట్రాంబోన్... గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే పొడుగు బాజా. హైదరాబాద్‌లో పాత సామాను దుకాణంలో దాన్ని కొన్నప్పుడు, దుకాణదారు ఒక పెద్ద రికార్డు ఊరికే ఇచ్చాడట. అట్ట లేదు. మధ్యలో అంటించిన కాగితం సగం చిరిగిపోయింది. వాయించినాయన పేరు మాత్రం మిగిలింది.

ఇంట్లో రికార్డు ప్లేయర్ ఉండేది. అప్పటిదాకా దాని మీద తిరిగినవన్నీ చిన్న సినిమా రికార్డులే. పెద్దదాన్నీ అలాగే పెట్టాం. మాటల్లేవు, ఉట్టి బాజా... ఒక్క స్వరం నిలవకుండా ఉరికేది.

మొదటి నెలలోనే మామ ఆ వరస పట్టుకున్నాడు. కానీ మెల్లగా, స్వరాలు కిందికి దించి. అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని వినేది. గిట్లనే మంచిగున్నది, గిట్లనే వాయించు అనేది. మామ నవ్వేవాడు. తనది నడకేనని, రికార్డులో ఆయన ఉరుకుతున్నాడని అనేవాడు.

ఒక మధ్యాహ్నం నాతో ముల్లు మళ్లీ మళ్లీ మొదటికి పెట్టించాడు. చివరికి అన్నాడు...

"గాయిన ఊపిరి ఎక్కడ తీస్తుండో దొరుకుతలేదు బిడ్డా."

ఆ ఎండాకాలం వేగం పెంచాడు. పై స్వరాలకు పోయాడు. మెడ నరాలు ఉబ్బేవి. నోరు తుడుచుకున్న రుమాలును అత్తమ్మ విడిగా ఉతికేది. దవాఖానలో డాక్టరు, ఊపిరితిత్తి ఒకసారి చిల్లిపడి మానిందని, ఇక బాజా మానేయమని చెప్పాడు. మామ సరేనన్నాడు. మర్నాడు తలుపు వేసుకుని ఊదాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పోయిన నెల ఆ రికార్డును మళ్లీ అచ్చువేసి అమ్మకానికి పెట్టారు. బీబాప్ అనే జాజ్ బాణీలో పాత ట్రాంబోన్ రికార్డింగులు... పేరు గుర్తుపట్టి తెప్పించాను. అట్ట వెనక తిప్పాల్సిన వేగం రాసి ఉంది. నిమిషానికి ముప్పై మూడు చుట్లు. మా సినిమా రికార్డులవి నలభై ఐదు. మా ప్లేయర్ మీట ఎప్పుడూ దాని మీదే ఉండేది. పాట అయితే గొంతు తేడా తెలిసేది. బాజాకు ఎవరికి తెలుస్తుంది?

మామ అందుకోవాలనుకున్న వేగంలో ఆ వరసను ఎవరూ ఎప్పుడూ వాయించలేదు.

వర్ని దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో, పట్టపగలు, మామ దాన్ని మొదటిసారి నలుగురిలో ఎత్తుకున్నాడు. సగంలో ఆగి, రోడ్డు పక్క మొరం కుప్ప మీద కూర్చున్నాడు. బ్యాండు వాళ్లకు ఒక రివాజు ఉంది... ఒకరు ఆగితే పెళ్లివారికి తెలియకుండా మిగతావాళ్లు ఇంకా గట్టిగా వాయించాలి. వాళ్లు అలాగే వాయించారు. వాయిస్తూ ముందుకు నడిచారు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆలస్యమైంది. దవాఖానకు తీసుకుపోతున్న జీపు బాన్సువాడ చేరేలోపే మామ ప్రాణం పోయింది.

అత్తమ్మ ఇప్పుడూ ఆ ఊళ్లోనే ఉంది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, ఫోన్ చేసి చెప్పాను. ఆమె అడిగింది...

"మొదట్ల మెల్లగ వాయించిండు గద... గదేనా అసలుది?"

"గదే అత్తమ్మా."

"గట్లయితే మీ మామకు ఎప్పుడో వచ్చినట్టే గద బిడ్డా."

ఇప్పుడు మా దిక్కు పెళ్లిళ్లకు డీజే బండ్లు వస్తున్నాయి... ఎంత వేగమైనా వాటికి ఊపిరి అక్కర్లేదు. మీ ఊరి బ్యాండులో ఊపిరి పెట్టి వాయించినవాళ్లు ఎవరైనా గుర్తుంటే, వాళ్ల పేర్లు కింద రాయండి.