సరిహద్దు దాటిన గుండిగ

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతాను. భయంతో కాదు, విసుగుతో. ఏ మాటకైనా కాగితం ఉండాలి, లేదా కళ్ళారా చూసి ఉండాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళు అలాగే అనేవారు. ఆస్తులు పోయినా నాకు ఆ పద్ధతి మాత్రం మిగిలింది. అందుకే ఇక్కడ చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ అడగను.

మేము కెనడాలో, వాటర్లూలో ఉంటాం. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్ళు పరిశీలించే ఉద్యోగం చేస్తాను. ఇది జరగడానికి ముందు రెండు మూడేళ్ళూ మన పిల్లలు చదువులకని విమానాల నిండా దిగారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఏడుగురు. వాళ్ళకి వంట రాదు. వచ్చినా పొయ్యి దగ్గర చోటు దొరకదు. నా భార్య వసుంధర ముందు ఇద్దరికి డబ్బాలు కట్టింది. ఏడాది తిరిగేసరికి మా గరాజ్ ముందు వరస నిలబడటం మొదలైంది. ఎవరో ఫిర్యాదు చేశారు. ఇంట్లో వండి అమ్మకూడదని సిటీ నుంచి నోటీసు వచ్చింది.

అప్పుడు వసుంధర ఫుడ్ ట్రెయిలర్ మాట ఎత్తింది. యూనివర్సిటీ దగ్గర ఒక ప్లాజా యజమాని పార్కింగ్‌లో ఒక మూల ఇస్తానన్నాడు. నెలాఖరులోగా ట్రెయిలర్ తెచ్చి నిలబెట్టాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఇక్కడ దొరికేవి మా అందుబాటులో లేవు. సరిహద్దు అవతల న్యూయార్క్ రాష్ట్రంలో ఒకటి కనిపించింది.

నాకు ఇష్టం లేదు. ఎందుకో చెప్పాలి.

మా తాతమ్మ నరసమ్మగారు కృష్ణ రేవు దగ్గర అన్నసత్రం పెట్టారు. పడవ దిగినవాడు ఎవరైనా సరే, ఊరూ పేరూ అడక్కుండా విస్తరి వేసేవారు. మా తాతగారి హయాంలోనూ అది నడిచింది. మా నాన్న రోజుల్లో కోర్టు వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి, సత్రం మూతపడింది. చివరికి పాత్రలు కూడా అమ్మేశారు. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇత్తడి గుండిగ. రెండు కడేల్లోనూ కర్ర దూర్చి ఇద్దరు మనుషులు మోసేవారు. ఒక కడెం విరిగిపోతే మా నాయనమ్మ కమ్మరి చేత ఇనప కడెం వేయించింది. అంచు మీద రెండు వరసలు చెక్కి ఉండేవి: ‘నరసమ్మ గారి అన్నసత్రం’ అని ఒకటి, ‘వెల కట్టరాదు’ అని రెండోది.

నాకప్పుడు పదేళ్ళు. పాత ఇత్తడి కొనేవాడు దాన్ని తన బండిలో పట్టించలేక సమ్మెటతో మూడు ముక్కలు చేశాడు. సత్రం అరుగు మీద నిలబడి నేను చూశాను. నాన్న చూడలేదు. అటు తిరిగి నిలబడ్డారు.

ఆ ఇంటివాణ్ణి నేను కిటికీలోంచి ఇడ్లీలు అమ్మాలా? వసుంధరతో అదే అన్నాను.

“గరాజ్ దగ్గర అమ్మితే మీ వంశం అడ్డం రాలేదు. చక్రాలు తగిలిస్తే వచ్చిందా?” అంది ఆవిడ. “పిల్లలు బ్రెడ్డు తిని పడుకుంటున్నారండీ. మీ తాతమ్మగారు బతికుంటే నాతో పాటు పిండి రుబ్బేవారు.”

ట్రెయిలర్ కోసం వెళ్ళాను.

నాకు ట్రెయిలర్ లాగే బండి లేదు. పక్క వీధిలో ఉండే ప్రసాదరావు గారు తన పికప్ ట్రక్కుతో వచ్చారు. రిటైరైన సివిల్ ఇంజనీరు. ముప్పై అయిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నారు, నోరు మాత్రం ఇంకా గుంటూరులోనే ఉంది. మా వంశం సంగతి తెలుసు కాబట్టి నన్ను ‘రాజావారూ’ అని ఏడిపిస్తారు.

పొద్దున్న ఎనిమిదింటికి అమ్మేవాడి ఇంటికి చేరాం. సంతల్లో బంగాళాదుంప వేపుడు అమ్మి విరమించుకున్న ముసలాయన. బండి తనదని చూపే టైటిల్ కాగితం, అమ్మకం బిల్లు సిద్ధంగా పెట్టాడు. ప్రసాదరావు గారు నన్ను పక్కకి పిలిచారు.

“బిల్లులో కాస్త తగ్గించి రాయించుకోండి రాజావారూ. అందరూ చేసేదే. టాక్సు కలిసొస్తుంది.”

“అబద్ధపు కాగితం మీద మా ఇంట్లో ఎవరూ సంతకం పెట్టలేదండీ.”

“అబ్బో! అయితే దారిలో నాకు కాస్త దూరంగా కూర్చోండి. నా పాపాలు అంటుకుంటాయి.”

తర్వాత నేను చేసిన పనులు వరసగా చెబుతాను, ఎందుకంటే ఆపైన జరిగినదానికి అవే సాక్ష్యం. మట్టి అంటిన బండిని సరిహద్దులో వెనక్కి పంపేస్తారని విన్నాను. అందుకని ముసలాయన్ని నీళ్ళ గొట్టం అడిగి తీసుకుని చక్రాలు, అడుగుభాగం కడిగాను. లోపల ప్రతి అరా తెరిచి తుడిచాను. తెల్లటి నేల రెండుసార్లు తుడిచాను. ఫ్రిజ్ పడుతుందో లేదో అని తలుపు కొలిచాను: ఇరవై ఎనిమిది అంగుళాలు. అమ్మకాల కిటికీకి దొంగల భయానికి ఇనప కడ్డీలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. ఫోన్లో వీడియో తీసి వసుంధరకి పంపాను. ఆ వీడియోలో లోపలంతా కనిపిస్తుంది. ఖాళీ. అప్పుడు నేను తెచ్చిన కొత్త తాళం వేసి తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.

అక్కణ్ణుంచి సరిహద్దు వంతెన యాభై నిమిషాలు. ఎక్కడా ఆగలేదు. ట్రెయిలర్ అద్దంలో కనబడుతూనే ఉంది.

ఇరవై నిమిషాలయ్యాక ప్రసాదరావు గారు అన్నారు. “లోపల ఏమన్నా పెట్టారా? వెనక్కి లాగుతోంది.”

“నా తడిబట్ట కూడా అక్కడే వదిలేశానండీ.”

“గాలి అయ్యుంటుంది లెండి,” అన్నారు. గాలి లేదు. రోడ్డు పక్కన జెండాలు వేలాడుతున్నాయి. అది కూడా అప్పుడే గమనించాను, పట్టించుకోలేదు.

వంతెన దాటాక దిగుమతి కాగితాల కోసం పక్క షెడ్డులోకి వెళ్ళమన్నారు. అక్కడ ఒక మహిళా ఆఫీసరు. మర్యాదగా మాట్లాడింది. ఫారాలన్నీ చూసి, లోపల ఇంకేమైనా సరుకు ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. కాగితం మీద కూడా అదే రాసి సంతకం చేశాను. చాసిస్ నంబరు సరిచూసి, ఒకసారి తలుపు తీయమంది. తాళం తీసి, పక్కకి జరిగి ఆవిణ్ణి ముందు ఎక్కనిచ్చాను.

ఆవిడ రెండో మెట్టు మీదే ఆగిపోయింది.

“సర్, ఇది ఖాళీ అన్నారు.”

నేను తల లోపలికి పెట్టి చూశాను.

నేల మధ్యలో గుండిగ ఉంది.

అలాంటి గుండిగ కాదు. అదే. ఒక వైపు ఇత్తడి కడెం, ఒక వైపు ఇనప కడెం. ఎక్కడా అతుకు లేదు. సమ్మెట దెబ్బ లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. చెవుల్లో ఏదో హోరు. ఆవిడ ఏదో అడుగుతోంది, పెదాలు కదలడం మాత్రం కనిపిస్తోంది.

వెనక నుంచి ప్రసాదరావు గారు మెడ చాచి చూశారు. “ఇదెక్కడిదండీ బాబూ,” అన్నారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు.

ఆఫీసరు లోపలికి వెళ్ళి దాన్ని వంచి చూడబోయింది. కదల్లేదు. చేయి తీస్తే నీలం గ్లౌజు వేళ్ళు నల్లగా మసి. తర్వాత ఆవిడ ఒక పని చేసింది. రెండు చేతులూ చాచి గుండిగ వెడల్పు పట్టి, ఆ చేతులు అలాగే ఉంచి తలుపు దగ్గరికి వచ్చింది. చేతులు గుమ్మానికి అటూ ఇటూ తగిలాయి. మళ్ళీ ఒకసారి చూసింది.

“దీన్ని లోపలికి ఎలా ఎక్కించారు?”

“నాకు తెలియదు.”

“మీదేనా?”

నాది కాదంటే, వదిలేస్తున్నట్టు రాసిచ్చి ఇక్కడ దించాలి. దించడానికి అది తలుపులో పట్టదు. బండి అక్కడే ఆగిపోతుంది. నెలాఖరు మూడు రోజుల్లో ఉంది. నాదంటే, పది నిమిషాల క్రితం నేను రాసిచ్చింది అబద్ధమవుతుంది.

“మాదే,” అన్నాను. “మా కుటుంబానిది.”

నా ముఖం చూసే కాబోలు, ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు. మొదటి కాగితం కొట్టేసి ఇంకోటి ఇచ్చింది. వస్తువు పేరు, సంఖ్య రాసింది. తర్వాత అంచు మీద అక్షరాలు చూపించి ఏం రాసుందని అడిగింది.

“మా తాతమ్మ పేరు,” అని ఇంగ్లీషులో చెప్పాను.

“రెండో వరస?”

“అది... ఊరి పేరు.”

ప్రసాదరావు గారు నా పక్కనే ఉన్నారు. ఆయనకి తెలుగు చదవడం వచ్చు. ఆయన అంచు వైపు చూశారు, నా వైపు చూశారు, తర్వాత బూట్ల వైపు చూసుకున్నారు.

“విలువ ఎంతని రాయను?” అంది ఆఫీసరు. “ఊరికే అంచనా చాలు. గడి ఖాళీగా ఉంచకూడదు.”

ఆ షెడ్డులో, ఆ లైట్ల కింద, నాకు మా నాన్న వీపు కనిపించింది. గుండిగకి వెల చెప్పింది ఆయన కాదు, కొన్నవాడు. ఆయన అటు తిరిగి నిలబడ్డారు. నాకు తిరగడానికి అటు వైపు లేదు. ఆవిడ కలం నా చేతికిచ్చి గడి చూపించింది.

నలభై డాలర్లు అని రాశాను.

స్టాంపు వేసి పంపించారు. తలుపుకి నేనే తాళం వేశాను. వేసేటప్పుడు గుండిగ లోపలే ఉంది. చేత్తో ముట్టుకున్నాను. పొయ్యి మీంచి దించి కాసేపైన పాత్రలా గోరువెచ్చగా ఉంది.

హామిల్టన్ దాటాక ప్రసాదరావు గారు ఒక్కసారిగా రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నారు.

“తేలికైంది,” అన్నారు.

“ఆపకండి,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన ఆపలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాం. వసుంధర పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని ఎదురొచ్చింది. తాళం చెక్కుచెదరలేదు. తీశాను. లోపల ఏమీ లేదు. తుడిచిన నేల మధ్యలో నల్లగా మసి వలయం ఉంది. మసే అని ముట్టుకుని చూశాను. ఇంట్లోంచి టేపు తెచ్చి అక్కడే, ప్రసాదరావు గారి ఎదుటే కొలిచాను. ముప్పై నాలుగు అంగుళాలు.

“అంత బాగా తుడిచానన్నారు, ఇదేమిటీ?” అని వసుంధర తడిబట్ట తెచ్చింది. నేను ఆపేలోగా సగం తుడిచేసింది.

ఆవిడకి ఆ రాత్రి అంతా చెప్పాను. నవ్వలేదు. వీడియో మళ్ళీ పెట్టి చూసింది. తర్వాత, “వెల మీరే రాశారా?” అని మాత్రం అడిగింది.

ప్రసాదరావు గారు ఇంజనీరు కాబట్టి ఏదో ఒక కారణం చెబుతారని వారం రోజులు ఎదురుచూశాను. ఒకరోజు ఆయనే వచ్చి టీ తాగి, వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. “నేను ఎవరితోనూ అనలేదండీ. అనను కూడా,” అన్నారు. గుండిగ గురించో, రెండో వరస గురించో నేను అడగలేదు. ఆ రోజు నుంచి నన్ను రాజావారూ అని పిలవడం మానేశారు. అందరినీ పిలిచినట్టే పేరు పెట్టి, గారు చేర్చి పిలుస్తున్నారు.

ట్రెయిలర్ నెలాఖరుకి ప్లాజాకి చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది, బాగా నడుస్తోంది. ధరల బోర్డు వసుంధర రాస్తుంది. ధర మార్చాల్సి వచ్చినప్పుడు సుద్దముక్క నాకివ్వబోయి, తనే గుర్తు తెచ్చుకుని వెనక్కి తీసుకుంటుంది. చేతిలో డబ్బులు చాలని పిల్లలు ఎవరైనా వస్తే ప్లేటు కిటికీ కడ్డీల మధ్య నుంచి నేను ఇస్తాను. అది వసుంధర చూడనట్టు ఉంటుంది.

మూడు ముక్కలై ఎప్పుడో కరిగిపోయి ఉండాల్సిన పాత్ర సముద్రం అవతల తాళం వేసిన బండిలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది దేనికో తెలియదు. ఇరవై ఎనిమిది అంగుళాల తలుపులోంచి ఎలా పోయిందో అంతకన్నా తెలియదు. కళ్ళు మోసం చేశాయనుకుందామంటే, చూసినవాళ్ళం ముగ్గురం.

ఫైలులో ఆ కాగితం ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. స్టాంపు సరిగ్గా పడింది. ‘ఇత్తడి పాత్ర, వాడినది, ఒకటి’ అన్నది ఆఫీసరు దస్తూరి. దాని పక్క గడిలో అంకె నాది.