ఏడో నంబరు గది తాళంచెవి

కొండ కింద ఉన్న ఆ చవక లాడ్జిలో పన్నెండు గదులు, వాటన్నిటికీ పనిచేసేది ఒక్కతే మనిషి. అందరూ ఆమెను దుప్పట్లక్క అంటారు. ఆమె పరిచిన దుప్పటిలో ముడత వెతకాలంటే భూతద్దం కావాలి. పదిహేనేళ్ళలో తన పనికి వంక పెట్టినవాడు లేడని ఆమెకు కాస్త గర్వం. ఉండనీండి, ఇంకేం మిగిలింది కనుక ఆమెకు.

ఆ లాడ్జిలో ఒక పద్ధతుంది. కొండెక్కేవాళ్ళు తమ గది తాళంచెవిని మేనేజరు కుర్చీ వెనక మేకుకు తగిలించి వెళ్ళాలి. సాయంత్రం ఐదింటికి మేకుకు తాళంచెవి ఉందంటే ఆ మనిషి ఇంకా దిగలేదన్నమాట. వెంటనే అడవి కాపలావాళ్ళకు కబురు వెళ్తుంది. మేకు ఖాళీగా ఉంటే మనిషి గదిలో ఉన్నట్టే.

ఏడో నంబరుకు ఏటా వచ్చేది పిట్టల మాస్టారు. పక్షులను చూడటానికి వారం రోజులు ఒంటరిగా ఉండి వెళ్ళే రిటైరైన లెక్కల మాస్టారు. పొద్దున్నే తన దుప్పటి తానే మడిచి, "నీ చేతి మడత నాకు రాదమ్మాయ్" అనేవారు. "ఈ వయసులో కొత్త విద్యలెందుకు మాస్టారూ, పరువు పోతుంది" అనేది ఆమె.

ఆ రోజు మాస్టారు తాళంచెవి తగిలించి కొండకు వెళ్ళారు. మేనేజరు ఊళ్ళోకి పోయి సాయంత్రానికి గానీ రాలేదు, చూసింది దుప్పట్లక్క ఒక్కతే. మధ్యాహ్నం ఆమె ఆ చెవి తీసుకుని గది తుడిచి, తాళం వేసి, చెవిని నడుం దగ్గర దోపుకుంది. అంతలో వాన. మేడ మీద ఆరేసిన దుప్పట్లు తడిసిపోతున్నాయని పరుగెత్తింది. ఆ హడావిడిలో చెవి మాటే మరిచి ఇంటికి వెళ్ళిపోయింది.

తడిబట్టలు మార్చుకుంటుంటే తాళంచెవి నేల మీద పడింది. ఐదింటికి ఖాళీ మేకు చూసి, మాస్టారు దిగారనే అనుకుని ఉంటాడు మేనేజరు. అప్పటికి ఆరు దాటింది.

వానలోనే పరుగెత్తింది. వెనక మెట్లెక్కి ఏడో గది తీసింది. మంచం ఖాళీ. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె బుద్ధి గడ్డి తింది. చెవి బల్ల మీద పెట్టి, తలుపు తీసే ఉంచి, కిందికి పోయి, "మాస్టారు గదిలో లేరు" అంది.

మేనేజరు పైకొచ్చి చూసి తల పట్టుకున్నాడు. "తలుపు బార్లా తీసి, చెవి ఇక్కడ పడేసి కొండకు పోయాడా! మతి పోయిందా ఈయనకి?"

ఆమె వంగి మంచం మీద దుప్పటి సర్దింది.

కాపలావాళ్ళు గంటలో ఆయన్ని వెతికి పట్టుకున్నారు. వాగు పక్కన జారి, కాలు విరిగి, చలికి బిగుసుకుపోయి ఉన్నారు మాస్టారు. ప్రాణం దక్కింది.

మర్నాడు ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి మాస్టారి కూతురు మంచం పక్కన కూర్చుని ఉంది.

"ఇంక ఎక్కడికీ ఒంటరిగా పంపను నాన్నా. మేనేజరు అంతా చెప్పాడు."

"తాళంచెవి తగిలించినట్టే గుర్తుందే..." అన్నారు మాస్టారు నెమ్మదిగా. ఆ గొంతులో తన మీద తనకే ఉన్న అనుమానం విని దుప్పట్లక్క మంచం దగ్గరికి వచ్చింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. సమయానికి చెబితే కదా!

"ఆయన తగిలించారమ్మా. నేనే తీశాను. మరిచిపోయి ఇంటికి తీసుకుపోయాను. తర్వాత భయపడి గదిలో పెట్టాను."

కూతురు లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా నాన్నంటే మీకు అభిమానమని తెలుసక్కా. ఆయన చిన్నబోకూడదని నింద మీద వేసుకోకండి. మీ ఉద్యోగం పోతుంది."

"ఒట్టు, నిజమే చెబుతున్నా. మాస్టారూ, మీరైనా చెప్పండి. మీరు తగిలించారు, నేను చూశాను."

మాస్టారు ఆమెను కాదు, కూతుర్ని చూశారు. ఆ కళ్ళల్లో నమ్మకం వెతికి, దొరక్క తల దించుకున్నారు.

"పోనీలే అమ్మాయ్," అన్నారు. "నేనే మరిచిపోయి ఉంటాను."