పసుపు కింది అతుకు

రేపు మా అక్కను కాన్పుకి వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోవాలనే పోయిన వారం తాండూరులో ఈ పాత కారు కొన్నాను. కొనేముందు కార్లు బాగుచేసే ఖాసిం మిస్త్రీకి చూపించాను. "ఫికర్ చెయ్యకున్రి సేట్, బండి మంచిగుంది" అన్నాడు.

ఈ రోజు పొద్దున అమ్మ తన చేత్తో మళ్ళీ పూజ చేస్తానని, అమ్మినాయన కారు ముందు భాగమంతా, బంపరు కింది దాకా మెత్తిన పసుపు కడిగింది. దాని కింద ఇనుప చట్రం విరిగితే అతికించిన గుర్తు బయటపడింది. ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి! దారిలో అనంతగిరి కొండ మలుపుల్లో ఆ అతుకు ఊడితే? నేరుగా మిస్త్రీ దుకాణానికి కారు తీసుకుపోయాను.

"నెలలు నిండిన మనిషి ఎక్కే బండి! గింత పెద్ద అతుకు నీకు కండ్లబడలేదా?" అని అరిచాను.

"ఇంజను చూసిన, బ్రేకులు చూసిన" అని అతనూ గొంతు పెంచాడు. తరువాత వంగి అతుకు చూసి, లేచి నిలబడ్డాడు.

"గిది పూజ చేసిన బండి సేట్. మీ దేవుని పసుపు నేను తుడిస్తే మీరు ఊకుంటరా?"

చుట్టూ మూగిన జనం నా వైపు చూశారు. నేను కారెక్కి వచ్చేశాను.

అక్క రేపు రైల్లో పోతుంది. అతను ఆ పసుపు తుడిచి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. మీరైతే?