సింహాచలమ్మ, ఎనిమిది గుర్రాల మోటారు

సింహాచలమ్మ వంటింటి మూలలో నాటిన గుంజకు ఒక పడవ మోటారు బిగించి ఉండేది. దాని శక్తి ఎనిమిది గుర్రాలు, బరువు ఇరవై ఏడు కిలోలు. 1980 మార్చిలో అక్కడికి చేరింది. రెండు సంవత్సరాల పదకొండు నెలలపాటు కదలలేదు. ఎండుచేపలను కాపాడే పొగ ఇనుమును మాత్రం ఎందుకు కాపాడదన్నది ఆమె తర్కం. తుప్పు విషయంలో ఆ తర్కం చాలావరకు నిలిచింది కూడా.

పదేళ్ళ వయసులో ఆమె శ్రీకాకుళం తీరం నుంచి తండ్రి వెంట ఓడలో అండమానుకు వచ్చింది. తరువాత రంగత్ సమీపంలోని తీరంలో స్థిరపడింది. తెలుగు, హిందీ ధారాళంగా, బెంగాలీ బేరానికి సరిపడా మాట్లాడేది. రాయడం మాత్రం తన పేరు వరకే. భర్త గవరయ్య చిన్న పడవకు ఈ మోటారు తగిలించి సముద్రంలోకి వెళ్ళేవాడు. ఒకనాడు జెట్టీ మెట్లపై జారి అతని కుడి భుజం కీలు తప్పింది. కీలు కుదిరింది గాని, మోటారును తిప్పే తాడు లాగేంత బలం తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆమె తెడ్డు పట్టి, అలలు లేని క్రీకులోనే, ఆ ఉప్పునీటి పాయలోనే వల వేస్తూ ఇల్లు నడిపింది.

ఆ మోటారు మత్స్యకారుల సహకార సంఘం ఇచ్చినది. పనిచేసినంత కాలమే అది తీసుకున్నవారి వద్ద ఉండాలని నియమం. లేకపోతే వరుసలో తరువాతి కుటుంబానికి పోతుంది. 1983 ఫిబ్రవరిలో ఒక గురువారం కబురు వచ్చింది: శనివారం ఉదయం తొమ్మిది గంటలకు జెట్టీ వద్ద తనిఖీ, పది నిమిషాలు నడిపి చూపాలి.

ఆమె పిలిపిస్తే శుక్రవారం మొదటి బస్సులో ఏలీయా దిగాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక వర్క్‌షాపులో పంతొమ్మిదేళ్ళు ఫిట్టరుగా పనిచేసి, రంగత్ బజారులో సొంతంగా మరమ్మతులు చేసుకుంటున్న మనిషి. మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, మసి మీద వేలితో గీత గీశాడు.

“ఏంటి దీదీ, మోటారునా? పొగబెట్టిన పండుగప్ప చేపనా?”

“నవ్వకు భయ్యా. తుప్పేదీ, సూపించు!”

“తుప్పు బయట కనబడదు. లోపల చూద్దాం.”

ఇద్దరూ దానిని పెరట్లోకి మోశారు. ఏలీయా ముందుగా రెండు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు నూనె పోసి, చక్రాన్ని చేతితో తిప్పాడు. తిరిగింది, పిస్టన్లు పట్టేయలేదు. ప్లగ్గును లోహపు భాగానికి ఆనించి తాడు లాగితే నిప్పురవ్వ రాలేదు. చక్రం కింద రవ్వ పుట్టించే పాయింట్లను సన్నని గరుకు కాగితంతో తుడిచాక నీలిరంగు రవ్వ వచ్చింది. కార్బురేటరులో నిలిచిపోయిన పాత పెట్రోలు లక్కలా గట్టిపడి సన్నని రంధ్రాన్ని మూసివేసింది. దానిని కొత్త పెట్రోలులో గంటసేపు నానబెట్టి, విద్యుత్ తీగలోని ఒక్క రాగిపోగుతో శుభ్రం చేశాడు. బిరుసెక్కి పగిలిన పెట్రోలు గొట్టాన్ని మార్చాడు.

“ఇప్పుడు లాగేద్దునా?” అంది సింహాచలమ్మ, తాడు పట్టుకొని.

“ఠహరో దీదీ, ఆగు! నీళ్ళు లేకుండా తిప్పితే పంపులో రబ్బరు మాడిపోద్ది.”

మోటారు కింది భాగాన్ని నీళ్ళ డ్రమ్ములో ముంచారు. తాడు ఆమే లాగింది. నాలుగోసారికి ఇంజను దగ్గి, తెల్లని పొగ వదిలి, అందుకుంది. గవరయ్య అరుగు మీద నుంచే చప్పట్లు కొట్టాడు. ఏలీయా మాత్రం ఇరవై సెకన్లలో ఆపేశాడు.

“ఏటైనాది?”

“వెనక చిన్న బెజ్జం ఉంది చూడు. పంపు తోడిన నీళ్ళు ఇంజను చల్లార్చి, అందులోంచి కొంచెం చిమ్మాలి. చుక్క రాలేదు. పంపులో రబ్బరు రెక్కలు పోయుంటాయి.”

“అయితే మార్చీ.”

“ఆ రబ్బరు పోర్ట్ బ్లెయిర్‌లోనే దొరుకుద్ది. వెళ్ళి రావడానికి రెండు రోజులు.”

తనిఖీకి అప్పటికి పద్దెనిమిది గంటలే ఉన్నాయి. గవరయ్య చప్పట్లు మాని చుట్ట వెలిగించాడు. పంపునైనా విప్పి చూద్దామని ఏలీయా కింది బోల్టుకు స్పానరు తగిలించాడు. ఆ బోల్టుకు మాత్రం నిజంగానే తుప్పు పట్టి ఉంది. బలంగా తిప్పితే విరిగే ప్రమాదం ఉంది.

సింహాచలమ్మ వంగి ఆ రంధ్రాన్ని చూసింది. దాని అంచును గోటితో గీకింది.

“భయ్యా, కూసింత ఆగు. ఆ బెజ్జంలో... పసుపుంది.”

“పసుపా?”

“దసరాకి మోటారుకి బొట్టెట్టొద్దా? ఎక్కడెట్టాలో తెలీక, గుండ్రంగా ఉంది గదా అని అక్కడే ఎట్టినాను. పసుపు ముద్ద, పైన కుంకం.”

“ఎన్ని దసరాలు?”

“మూడు.”

“పాతది తీసి కొత్తది పెట్టేదానివా?”

“దేవుడి బొట్టు తీత్తారేటి! దాని మీదే.”

అరుగు మీద గవరయ్యకు నవ్వుతో పొలమారింది. “నాకు మందు రాయడం మరిసిపోద్ది గాని, దానికి బొట్టెట్టడం మరవదు!”

“నువ్వు నోరు ముయ్యి!” అంటూ ఆమె గాజులకు తగిలించిన పిన్నీసు తీసి, సాగదీసి, రంధ్రంలో తిప్పింది. పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాదాపు అంగుళం లోతున పిన్నీసు ఖాళీలోకి దిగింది. ఆమె మళ్ళీ తాడు లాగింది. ఇంజను రెండోసారికే అందుకుంది. ఎనిమిది సెకన్ల తరువాత ఆ రంధ్రంలోంచి పచ్చని ధార ఒకటి ఎగిరి ఏలీయా చొక్కా మీద పడింది. క్రమంగా రంగు తగ్గి తేటపడింది.

“పంపు బాగానే ఉంది,” అన్నాడు ఏలీయా, చొక్కా పిండుకుంటూ. “నీళ్ళు లోపల తిరుగుతూనే ఉన్నాయి. ఈ బెజ్జం సాక్ష్యం చెప్పడానికే. నువ్వు సాక్షి నోరు కుట్టేశావు.”

శనివారం జెట్టీ మీద అధికారి కాగితం చూసి గవరయ్యను పిలిచాడు. గవరయ్య తాడు వైపు గాని, అధికారి వైపు గాని చూడలేదు. సింహాచలమ్మ చీర కుచ్చెళ్ళు దోపి పడవలోకి దిగింది.

“అరే, నువ్వా? మోటారు ఇతని పేరు మీద ఉంది.”

“పేరు ఆయన్దే సాబ్. తాడు నాది.”

మూడోసారికి మోటారు అందుకుంది. తీరానికి సమాంతరంగా వెళ్ళి, నీటిపై తేలే బోయా చుట్టూ తిరిగి, పదకొండు నిమిషాలకు ఆమె జెట్టీ పక్కకు వచ్చి పడవ కట్టింది. వెనుక నీటిధార తెగలేదు. అధికారి గడియారం చూసుకొని, ‘పనిచేయుచున్నది’ అని రాశాడు. ఆ తరువాతి గడి వద్ద అతని కలం ఆగింది: నడుపువారి పేరు.

“ఇక్కడ ఏం రాయాలి?”

“సింహాచలమ్మ,” అంది ఆమె. ఇంజను ఆపకుండానే చేయి చాచి, కలం అందుకొని, ఆ గడిలో తన పేరు తానే రాసింది. “ఇక నే ఎళ్తాను సాబ్. వల పడవలోనే ఉంది.”

గవరయ్య జెట్టీకి కట్టిన తాడు ఎడమచేత్తో విప్పాడు. ఆమె పడవను సముద్రం వైపు తిప్పింది.