నేలవేము సీసా వెంట

జగిత్యాలలో మందుల దుకాణం ముందు నిలబడి జ్వరం గోళీ నోట్లో వేసుకున్నాను. నీళ్ల సీసా మూత ఎంతకూ రాలేదు, గోళీ నాలుక మీదే కరిగిపోయింది. పక్కాయన నా మొహం చూసి జాలిపడ్డాడు గానీ, ఖాసీంబీ చేతి నేలవేము కషాయం తాగిన నాలుకకు అది పిప్పరమెంటు బిళ్లతో సమానం. ఆ కషాయం పొద్దున తాగితే మధ్యాహ్నం అన్నం చేదు, సాయంత్రం చాయ్ చేదు, ఆ తర్వాత పెళ్లాం పలకరింపు కూడా చేదే. గోళీ చేదు రెండు నిమిషాల్లో పోయింది. దాని వెంట లేచిన గాబరా మాత్రం పోలేదు. ఇన్నేళ్లయినా నాలుకకు చేదు తగిలితే చాలు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయే రోడ్డు కళ్ల ముందు పరుచుకుంటుంది.

ఖాసీంబీది కోరుట్ల కూరగాయల అంగడి వెనుక సందులో మూలికల దుకాణం. భర్త హకీం. ఆయన పోయాక డబ్బాలూ కల్వమూ వైద్యమూ ఆమె చేతికొచ్చాయి. పిన్నిని పిలిచినట్టు ఊరంతా ఆమెను ఖాలా అని పిలిచేది. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, పెద్దయ్యాక ట్రాలీ ఆటో తోలుకుంటున్నవాణ్ణి. మొదటిసారి జ్వరంతో పోతే ఆమె మందు ఇవ్వలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్ని దినాలాయె? చలి ముందొస్తుందా, వేడి ముందొస్తుందా? ఇంకేం గోళీలు మింగుతున్నవ్?

“ఖాలా, మందు అడిగితే జనాభా లెక్కలు రాస్తున్నవా?” అన్నాను.

“మస్కరీ బంద్ చెయ్యి. నోరు మూసుకొని నాలుక చూపియ్యి.”

“నోరు మూస్తే నాలుక ఎట్ల చూపియ్యాలె?”

ఆమె నవ్వలేదు. కషాయం తన అరచేతిలో ఇంత పోసుకొని ముందు తాను తాగి, ఆ తర్వాతే గ్లాసు నాకిచ్చింది. ఎవరికిచ్చినా అంతే చేసేది.

ఆ తర్వాత ఆమె సరుకు మోసే బండి నాదే అయింది. కథలాపూర్ దిక్కు పొలం గట్ల మీద ఆడవాళ్లు కోసిపెట్టిన నేలవేము మోపులు తెచ్చి దించేవాణ్ణి. మూరెడు మొక్క, తెల్లటి చిన్న పూలు, చూడ్డానికి ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది. వేరుతో సహా నీడకు ఆరబెట్టడం, శొంఠీ మిరియాలూ దంచి కలపడం, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకు మరిగించడం, మూడు రోజులకు మించి ఇవ్వకపోవడం, అన్నీ చూసి నేర్చుకున్నాను. జ్వరానికి, ఆకలి చచ్చినోళ్లకు, కడుపులో పురుగులకు ఆమె ఇచ్చే లెక్కలు నాకు నోటికొచ్చు. ప్రశ్నలు మాత్రం నేర్చుకోలేదు. అవి వైద్యం కాదు, ముసలామె చాదస్తం అనుకున్నాను.

తెలంగాణ కోసం బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ బందయిన రోజులవి. వానలు వెనకబట్టాయి, ఇంటింటా జ్వరాలు. ఒకరోజు కోరుట్లలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు వేసి, వండుకొని, అక్కడే తిని నిరసన చెప్పడం. ఒక పొయ్యి మీద నేను నేలవేము గుండిగ ఎక్కించాను. “తీపి కబురు అచ్చేదాక చేదు తాగుండ్రి!” అని నేను అరిస్తే జనం నవ్వుకుంటూ వరస కట్టారు. ఇంత మంది నా మాట వినడం అదే మొదలు, నేల మీద కాలు నిలవలేదు. ఆ వరసలో సరోజన వచ్చింది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే అతని భార్య, తల్లిగారింటికి వచ్చి తిరిగి పోతోంది, ఒళ్లు కాలుతోంది. గ్లాసు నిండా పోశాను. ఆమె ఎక్కాల్సిన జీపు హారన్ కొడుతుంటే ఒక సీసా కూడా నింపిచ్చి, “మూడు దినాలు పొద్దుమాపు తాగు వదినా, తాగకుంటే నా మీద ఒట్టు” అన్నాను.

జీపు పోయిన గంటకు ఖాలా వచ్చింది. గుండిగ చూసింది, నన్ను చూసింది.

“ఆడోళ్లకు గూడ పోసినవా? కడుపుతోటి ఉన్నరా అని అడిగినవా?”

“జరమున్నదా అని అడిగిన ఖాలా.”

పక్క పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న సరోజన తల్లి చేతిలో గంటె ఆగిపోయింది. “మా సరోజనకు మూడో నెల. ఏడేండ్లకు నిలిచింది” అంది.

కడుపుతో ఉన్నవాళ్లకు నేలవేము ఇస్తే కడుపు నిలవదంటారని ఖాలా చెప్పినప్పుడే నాకు తెలిసింది. అల్లుడి ఫోను కలవలేదు. ఖాలా ఆటో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

కథలాపూర్ దగ్గర బంద్ చేస్తున్నవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టారు. నా నోరు దాని అలవాటు అది మానలేదు. “అన్నా, సిరిసిల్లకు చేదు పంపిన, వాపస్ తేను పోతున్న” అన్నాను. అందరూ నవ్వారు. “అయితే మాతోటి గూసో, రేపు పోదువు” అన్నాడొకడు. ఖాలా నా మోచెయ్యి పట్టుకుంది.

“నవ్వియ్యకు. నువ్వు చేసింది చెప్పు.”

చెప్పాను. “కడుపుతోటున్న ఆమెకు అడగకుంట మందు పోసిన. సీసా గూడ ఇచ్చిన. ఆమె మల్ల తాగకముందే పోవాలె.” ఒకాయన లేచి బొంగు ఎత్తాడు. రుద్రంగిలో మళ్లీ చెప్పాను, వేములవాడలో మళ్లీ చెప్పాను. ఖాలా ఒక్కచోట కూడా నా బదులు చెప్పలేదు. ప్రతిచోటా ఆ మాటలు ఇంకాస్త బరువెక్కాయి.

సిరిసిల్లలో సరోజన తలుపు తీసింది. సీసా కిటికీలో ఉంది, కొంత తగ్గింది.

“ఎంత తాగినవ్ బిడ్డా?” అంది ఖాలా.

“ఆడ ఒక గ్లాసు. గిప్పుడు సగం.”

సంగతి విన్న అత్తగారు నా మీదికొచ్చింది. “ఎవడ్రా నువ్వు? డాక్టరువా? నా కోడలు నీకు ఆటగున్నదా?”

ఖాలా అడ్డం నిలబడింది. “మందు నాది. వీనికి నేర్పింది నేను, సగమే నేర్పిన. నన్ను తిట్టు. కని ముందుగాల దవాఖానకు నడువుండ్రి, ఇగ నా చేతిల లేదు.” సీసా మోరీలో ఒంపేసింది. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇప్పుడే ఏమీ చెప్పలేం, నొప్పి వస్తే వెంటనే తీసుకురండి అంది.

తిరుగు దారిలో అడిగాను. “ఏం గాదు గద ఖాలా?”

“తెల్వది.”

ఏ రోగానికైనా ఏదో ఒక మాట చెప్పే మనిషి. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అబద్ధం చెప్పి నన్ను నిద్రపుచ్చి ఉండొచ్చు, అలా చెయ్యలేదు. ఆ తర్వాతి నెలలన్నీ అలాగే గడిచాయి. వారం వారం సరోజన భర్తకు ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో ఎత్తేవాడు కాదు. తర్వాత “మంచిగనే ఉన్నది” అని పెట్టేసేవాడు. ఆ రెండు మాటలతో ఒక పూట గడిచేది, మళ్లీ వచ్చే వారం కోసం రోజులు లెక్కపెట్టేవాణ్ణి. ఆటోలో ఎక్కినవాళ్లు “ఏంది రాజేశం, జోకులు అయిపోయినయా?” అనేవాళ్లు.

ఎండలు ముదిరాక ఒకరోజు ఖాలా దుకాణం ముందు నన్ను ఆపింది. “ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు.” నేను గంతేయబోయాను. “ఎగురకు. నీ మందుతోటి పుట్టలే, నీ మందును తట్టుకొని పుట్టింది.”

ఖాలా ఇప్పుడు లేదు. జోకులు మళ్లీ వచ్చాయి గానీ, జ్వరం పేరెత్తితే మాత్రం రావు. ఆకు పేరు చెప్పమని ఇప్పటికీ కొందరు నా ఆటో ఆపుతారు. అందరినీ డాక్టరు దగ్గరికే పొమ్మంటాను. ఆ మాటకన్నా ముందే నోరు ఖాలా ప్రశ్నలు అడిగేస్తుంది. మొన్న జ్వరానికి ఆకు పేరడిగిన మా వాడకట్టు ముసలామె నర్సక్కను ఆ ప్రశ్న అడిగితే ఇంతెత్తున లేచింది.

“ఓరి రాజేశం, నాకు మనుమలు బడికి పోతున్నరు. కడుపుతోటి ఉన్ననా అని అడుగుతవా?”

ఆమె కోడలు పడీ పడీ నవ్వింది. ఆటోలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“జవాబు చెప్పు అక్కా” అన్నాను.